పోటా, సలుపా?

"ఏమ్మా, పోటా, సలుపా?"

గుంటూరు కొత్తపేటలో ఒక నర్సింగు హోములో డాక్టరుగారు మా ఆవిడను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆయన మా కాగితాల కట్ట ఇంకా విప్పనైనా లేదు. ఆవిడ జవాబు చెప్పబోయే లోపల నాకు కళ్ళు చెమ్మగిల్లినాయి. డాక్టరుగారు రోగిని వదలిపెట్టి నావంక చూచి, "మీకేమయిందండీ?" అన్నారు.

నాకేమయిందో చెప్పాలంటే మూడు నెలలు వెనక్కు, ఐదువేల మైళ్ళు దూరం పోవాలి.

2022లో మా కంపెనీవారు నన్ను మూడేళ్ళ పనిమీద ఇంగ్లండు పంపించారు. యార్క్‌షైరులో చిన్న వూరు. పరాయి దేశస్థుడు అక్కడ కాపురం పెట్టాలంటే వీసా రుసుముతో పాటు ఆరోగ్యపు రుసుము కూడా ముందుగానే కట్టాలి. అప్పట్లో మనిషికి ఏడాదికి 624 పౌన్లు. 2024 ఫిబ్రవరిలో దానిని 1035 చేశారు. మా ఇద్దరికీ మూడేళ్ళకు 3744 పౌన్లు అయింది. "జబ్బు చేయకముందే ఇంత కడితే, ఇక జబ్బుచేయకపోతే నష్టం గదా!" అన్నది మా ఆవిడ. ఆ మాటకు పై దేవతలు తథాస్తు అన్నట్లున్నారు.

అక్కడి పద్ధతి మనకు కొంచెం వింత. మన వూళ్ళో అయితే కడుపులో నొప్పి వస్తే కడుపు డాక్టరు దగ్గరకు, కంట్లో నలుసు పడితే కంటి డాక్టరు దగ్గరకు తిన్నగా పోతాము. అక్కడ ముందు పేట డాక్టరు దగ్గర పేరు వ్రాయించుకోవాలి. ఆయన చూచి అవసరమనుకొంటేనే పెద్ద ఆసుపత్రికి చీటీ వ్రాస్తాడు. అంతవరకూ పెద్ద డాక్టరు ముఖం చూచే వీలు లేదు. 1948 జూలై 5న ఆ దేశంలో ఈ ఏర్పాటు మొదలయింది. ప్రభుత్వమే పన్నుల సొమ్ముతో నడుపుతుంది. రోగి దగ్గర డబ్బు తీసుకోరు. మందుల దుకాణంలో మాత్రం చీటీలో వ్రాసిన ఒక్కొక్క మందుకు, మేమున్న రోజుల్లో, 9 పౌన్ల 65 పెన్నీలు పుచ్చుకొనేవారు. అది పదిమాత్రలయినా అంతే, వందమాత్రలయినా అంతే.

2023 డిసెంబరు మొదటివారం. బయట మంచు. రాత్రి పదిగంటలవేళ మా ఆవిడ వంటింట్లో గోడకు ఆనుకొని కింద కూర్చుండిపోయింది. ముఖాన చెమట. కుడిపక్క చెయ్యి తీయటం లేదు. నేను టెలిఫోను చేసి, వాళ్ళడిగిన ఇరవై ప్రశ్నలకూ జవాబులు చెప్పి, వాళ్ళు పొమ్మన్న ఆసుపత్రికి టాక్సీలో తీసుకొనిపోయినాను. అక్కడ ప్లాస్టిక్ కుర్చీల్లో తొమ్మిది గంటలు కూర్చున్నాము. చుట్టూ నలభైమంది. ఎవరూ గట్టిగా మూలగరు. వాళ్ళను చూచి మా ఆవిడ కూడా మూలగటం మానేసింది. పరాయి వూళ్ళో మూలుగు కూడా అక్కడి మర్యాద ప్రకారమే వుండాలి గాబోలు.

మధ్యలో ఒక నర్సు వచ్చి అడిగింది: "సున్నా నుంచి పదివరకు అంకెల్లో చెప్పండి. నొప్పి ఎంత?"

నేను తెలుగులో అడిగాను. మా ఆవిడ కొంచెంసేపు ఆలోచించి, "ఆరు" అన్నది. నర్సు ఆరు అని వ్రాసుకొని పోయింది. తరువాత తెలిసింది, ఆ ఆరుకు అర్థమేమిటో. పది అంటే కాన్పు నొప్పి అని ఆవిడ లెక్క. దానికి ఒకటి తగ్గించింది. తనకంటే ఎక్కువ బాధపడేవాళ్ళు ఆ గదిలో వుండవచ్చునని మరొకటి తగ్గించింది. బొత్తిగా పది అంటే ఇంగ్లీషువాళ్ళు మనల్ని సుకుమారం మనుషులనుకొంటారేమోనని ఇంకో రెండు. మా అత్తవారి వూరు పాత ప్రకాశం జిల్లాలో అద్దంకి పక్కన. ఆ నల్లరేగడి మనుషులు నొప్పిని పదికి పది చెప్పే రకం కారు. ఈ సంగతి ఏ ఫారములోనూ వ్రాయటానికి చోటు లేదు.

తెల్లవారిన తరువాత డాక్టరు వచ్చింది. చిన్నపిల్ల, మంచిమనిషి. నేను ముందుకు వచ్చి వర్ణన మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపి, "మీరు కాదు, ఆమె చెప్పాలి. ఇంట్లోవాళ్ళచేత అనువాదం చేయించటం మా పద్ధతి కాదు" అన్నది. నాకు కోపం వచ్చింది. ఇరవైయెనిమిదేళ్ళ సంసారం చేసినవాణ్ణి, నాకంటే ఎవరికి తెలుసు? ఆమె మాత్రం నింపాదిగా టెలిఫోను తీసి ఏవో అంకెలు నొక్కింది. దేశంలో ఎక్కడో కూర్చున్న దుబాసీ లైనులోకి వచ్చింది. ఆ యంత్రంలోనుంచి, "నమస్తే అమ్మా! మస్తు నొస్తుందా?" అని వినిపించింది.

ఓరుగల్లు యాస. మా ఆవిడ ముఖం చూడాలి అప్పుడు! మంచంమీద లేచి కూర్చున్నది.

ఆ తరువాత వాళ్ళిద్దరూ మాట్లాడుకొన్న పదినిమిషాలు నేను తెరపక్కన నిలబడి విన్నాను. "ముందు పోటు అమ్మా. డొక్కలో కత్తిపెట్టి పొడిచినట్టు. అక్కడినుంచి కుడి రెక్క వెనక్కి లాగుతుంది. ఓ గంటకు పోటు తగ్గి సలుపు మొదలవుతుంది. సలుపు తెల్లారిందాకా వుంటుంది. మంట వేరు, అది రొమ్ము దగ్గర." రాత్రంతా నేను ఈ నాలుగింటికీ కలిపి ఒక్క ఇంగ్లీషు మాటే చెప్పాను. ఆ మాట తప్పు కాదు. కాని మిరపకాయ కారానికీ, అల్లం ఘాటుకూ, చింతపండు పులుపుకూ కలిపి 'రుచి' అని చెప్పినట్లున్నది నా అనువాదం.

"ఎప్పటిసంది అమ్మా?" అని అడిగింది దుబాసీ.

"వినాయకచవితినాటినుంచి."

నేను తెర పట్టుకొన్నాను. వినాయకచవితి సెప్టెంబరులో. ఉండ్రాళ్ళు చేసి, నాకు వడ్డించి, తాను తినలేదు, ఉపవాసమనుకొన్నాను. "ఇంట్లో చెప్పలేదా?" అంటే, "ఆయనకు కొత్తవుద్యోగం. సెలవు పెడితే ఏమంటారో, ఏమో. దేశం గాని దేశంలో నేనొక బరువెందుకని" అన్నది మా ఆవిడ. దుబాసీ ఒక్క క్షణం ఆగింది. ఆ తరువాత ఆ మాటలన్నీ ఉన్నవున్నట్లు ఇంగ్లీషులో డాక్టరుకు చెప్పింది. నా భార్య నాకు చెప్పని మాట నేను యార్క్‌షైరులో, టెలిఫోనులోనుంచి, ఇంగ్లీషులో రెండోసారి కూడా విన్నాను.

పరీక్షచేసి పిత్తాశయంలో రాళ్ళన్నారు. మూడురాత్రులు ఆసుపత్రిలో వుంచారు. సాయంత్రం ఎనిమిది కాగానే చూడవచ్చినవాళ్ళంతా వెళ్ళిపోవాలి. రోగి దగ్గర రాత్రి పడుకొనే పద్ధతి లేదు. నేను బస్సు ఎక్కి ఖాళీ ఇంటికి పోయేవాణ్ణి. ఆవిడ ఆ తెల్లటి దుప్పట్లలో ఒంటరిగా వుండేది. ఒక కేరళ నర్సు మాత్రం రాత్రిపూట వచ్చి పలకరించేదట. మొదటిరాత్రి ఆమె మంచినీళ్ళ గ్లాసు చూపించి "వెళ్ళం, వెళ్ళం" అన్నది. మలయాళంలో నీళ్ళకు అది పేరు. మా ఆవిడ మాత్రం, "మేము ఇక్కడినుంచి వెళ్ళము" అని ఆ పిల్ల తనకు ధైర్యం చెపుతున్నదనుకొని, "నేనూ వెళ్ళను తల్లీ, తగ్గిందాకా ఇక్కడే వుంటాను" అని బదులు చెప్పింది. ఇద్దరూ సంతోషించారు. నీళ్ళు కూడా తాగింది.

ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. వెన్న, జున్ను, పేస్ట్రీలు, పంది సాసేజిలు మానాలని అందులో వున్నది. "నేనెన్నడూ ముట్టనివన్నీ వ్రాశారు. గోంగూర సంగతి వ్రాయలేదు, అంటే తినవచ్చుననేగా?" అన్నది మా ఆవిడ. నేనేమో డబ్బు కట్టే కిటికీ కోసం ఆసుపత్రి అంతా తిరిగాను. అటువంటి కిటికీ ఎక్కడా లేదు. మూడురాత్రులు, స్కానింగులు, మందులు, ఆ టెలిఫోను దుబాసీ, వీటన్నిటికీ కలిపి మమ్మల్ని ఒక్క పెన్నీ అడిగినవాడు లేడు. ఈ సంగతి చెప్పకుండా ఆ దేశాన్ని ఆడిపోసుకోవటం న్యాయం కాదు.

అయితే ఆపరేషను? "తప్పక చేస్తాము, వరుసలో పేరు వ్రాశాము" అన్నారు. పద్ధెనిమిది వారాలలోగా చికిత్స మొదలుకావాలని వాళ్ళకు నియమం వున్నది. కాని 2023 సెప్టెంబరునాటికి ఇంగ్లండులో ఆ వరుసలో వున్న పేర్లు సుమారు 77 లక్షలు. ఒకే మనిషి రెండుమూడు జబ్బులకు రెండుమూడు చోట్ల వుండవచ్చుననుకోండి. ప్రాణాపాయమున్నవాళ్ళు ముందు, మిగిలినవాళ్ళు వెనుక. అదీ ధర్మమే. కాని అర్ధరాత్రి పోటు వచ్చినప్పుడు ధర్మం గుర్తుకు రాదు. సంక్రాంతికి మళ్ళీ వచ్చింది. తెల్లవార్లూ నా చెయ్యి పట్టుకొని కూర్చుని, "కోస్తే మనవూళ్ళోనే కోయించుకొంటాను. ఏమయినా తెలుగులో అవుతుంది" అన్నది.

అలా ఫిబ్రవరిలో గన్నవరంలో దిగి ముందుగా అద్దంకి పోయినాము. రెండురోజులు ఆగి అక్కడినుంచి మార్టూరు, చిలకలూరిపేటల మీదుగా గుంటూరుకు కారులో బయలుదేరాము. ఆ నెలలో ఆ దారి చూడనివాళ్ళు చూడాలి. పత్తి ఆఖరు తీత అయిపోయి, మోళ్ళమీద అక్కడక్కడ తెల్లటి పింజలు వేలాడుతూ వున్నాయి. మిరప మాత్రం మంచి వూపుమీద వున్నది. కళ్ళాలమీద ఎకరాలకెకరాలు ఎర్రగా పరచి ఆరబెట్టారు. ఆడవాళ్ళు తలలకు గుడ్డలు చుట్టుకొని, వంగి తాలుకాయలు ఏరుతున్నారు. గుంటూరు దగ్గరపడేసరికి టిక్కీలు నింపుకొని మిర్చియార్డుకు పోయే లారీలు బారులు తీరినాయి. కారు అద్దాలు మూసినా ఘాటు లోపలికి వచ్చింది. డ్రైవరుతో సహా అందరం తుమ్మాము. తుమ్మితే పక్కలో కలుక్కుమంటుందని చెయ్యి అడ్డం పెట్టుకొని కూడా మా ఆవిడ నవ్వుతూనే వున్నది.

ఇక మొదట చెప్పిన చోటికి వచ్చాము. పోటా సలుపా అని డాక్టరుగారు అడిగారు, ఆవిడ చెప్పింది, మూడునిమిషాల్లో అయిపోయింది. "ఎల్లుండి పొద్దున చేసేద్దాము" అన్నారాయన.

ఇక్కడ మాత్రం డబ్బు కట్టే కిటికీ వెతుక్కోనక్కరలేదు. గుమ్మం ఎదుటనే వున్నది. చిరునామా దగ్గర ఇంగ్లండు అని వ్రాసేసరికి కిటికీలోని అబ్బాయి కళ్ళు మెరిసినాయి. మామూలు గదులు ఖాళీలేవనీ, పైన ఒక డీలక్సు గది వున్నదనీ అన్నాడు. నా పుట్టినవూళ్ళో నేను పరాయివాణ్ణయినాను. మా ఆవిడ మేనమామ ముందుకు వచ్చి, తనది ఏ వూరో, ఆ అబ్బాయిది ఏ వూరో, వాళ్ళ నాన్న ఎవరో ఆరా తీసేసరికి మామూలు గది ఒకటి ఖాళీ అయింది. ఈ విద్య ఏ పారిన్ కంపెనీ నేర్పదు.

"రోగికి ఒక్కరే తోడు" అని గోడమీద బోర్డు వున్నది. ఆ బోర్డు కిందనే మావాళ్ళు ఏడుగురు కూర్చున్నారు. ఒకరు కారియరు తెచ్చారు, ఒకరు చాప, ఒకరు దిష్టి తీయటానికి ఉప్పూ మిరపకాయలూ. పక్క గదిలో పల్నాటినుంచి వచ్చిన ఒక ముసలాయనకు ఆపరేషను అయింది. ఆయన కూతురు మిరపకోతలకు పోయే కూలిమనిషి. 2007లో మొదలయిన ఆరోగ్యశ్రీ కార్డు వాళ్ళకు వున్నది గనుక ఆపరేషనుకు ఖర్చు లేదు. ఆమె నన్ను అన్నీ అడిగింది. నా జీతం కూడా. చివరకు, "అక్కడ ఊరికే చేస్తారంటగా, మరి ఇంత దూరం ఎందుకొచ్చారయ్యా?" అన్నది. నేను తడుముకొంటూ వుంటే తనే, "మాకూ ఊరికేలే. కాని నాకు ఆరు రోజుల కూలి పోయింది, కోత ముమ్మరమీద వుంది" అని, తండ్రికి గంజి పట్టటానికి లోపలికి పోయింది.

ఆపరేషను జరిగేటప్పుడు నన్ను వరండాలో కూర్చోనివ్వలేదు. నేను కూర్చుంటే మిగిలినవాళ్ళకు కంగారుగా వున్నదట. బయటికి పోయి నడిచాను. నడుస్తూ కుగ్లర్ ఆసుపత్రి వైపు వెళ్ళాను. చిన్నప్పుడు ఆ పేరు వందసార్లు విన్నాను. మా పెదతల్లి అక్కడే పుట్టిందని చెప్పుకొనేవారు. కాని కుగ్లర్ అంటే ఒక మనిషి అని, ఆమె కూడా పరాయిదేశంలో ఒంటరిగా కాపురమున్నదని నాకు ఆనాటివరకు తోచలేదు.

అన్నా సారా కుగ్లర్ అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1856లో పుట్టింది. 1879లో డాక్టరు పరీక్ష ప్యాసయింది. 1883లో గుంటూరు వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆమెను పంపిన మిషనువారు డాక్టరుగా పంపలేదు. ఆడపిల్లలకు, ఘోషా స్త్రీలకు చదువు చెప్పే పనిమీద పంపారు. మందుల పెట్టె ఆమె తనంతట తాను తెచ్చుకొన్నది. డాక్టరుగా గుర్తించటానికి మరి రెండేళ్ళు పట్టింది. అంతకన్న కష్టం ఇక్కడి ఇళ్ళలో. పరాయి మతం మనిషి, అంటు. ఆమె చేతి నీళ్ళు కలిసిన మందు తాగేదెలా? ఆ గుమ్మాలముందు నిలబడి, దుబాసీ టెలిఫోను లేని రోజుల్లో, ఆమె తెలుగు నేర్చుకొన్నది. మొదట నేర్చుకొన్న మాటల్లో పోటు, సలుపు వుండే వుంటాయని నా నమ్మకం. అవి లేకుండా గుంటూరులో వైద్యం సాగదు.

1898లో ఆమె ఆసుపత్రి తెరిచింది. వార్డులు కట్టటంతో పని తీరలేదు. ఈ దేశంలో రోగి ఒక్కడే రాడు. వెనుక అత్తగారు, వంటపొయ్యి, మడి నీళ్ళబిందె కూడా వస్తాయి. వాళ్ళు వుండటానికి చోటు లేకపోతే రోగి అసలు రాడు. ఏలూరు జమీందారు తనవాళ్ళకు ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా, ఆసుపత్రికి వచ్చే హిందూ రోగుల బంధువులకోసం సత్రం కట్టించాడు. మా ఏడుగురిని తలచుకొని నాకు నవ్వు వచ్చింది. యార్క్‌షైరులో ఎనిమిదిగంటలకు గంట కొట్టి నన్ను బయటికి పంపినప్పుడు అటువంటి సత్రం ఒకటి వుంటే!

1930 జూలైలో ఆమె గుంటూరులోనే చనిపోయింది. దాదాపు నలభైయేడేళ్ళు ఇక్కడ వున్నది. ఆఖరి జబ్బులో ఆమె తన నొప్పిని ఏ భాషలో చెప్పుకొన్నదో!

ఇంకొకామె కూడా వున్నది. మేరీ గ్లౌరీ, ఆస్ట్రేలియా డాక్టరు. మెల్‌బోర్నులో మంచి ప్రాక్టీసు వదలి 1920 ఫిబ్రవరిలో గుంటూరు వచ్చి సన్యాసినుల మఠంలో చేరింది. సన్యాసిని వైద్యం చేయటానికి ఆ రోజుల్లో వారి మతనియమాలు ఒప్పుకొనేవి కావు. ఆమె పోపుగారి ప్రత్యేక అనుమతి తెచ్చుకొన్నది. సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి ఆమె చేతిమీద పెరిగినదే. 1957లో కాన్సరుతో బెంగుళూరులో చనిపోయింది. మళ్ళీ స్వదేశం చూడలేదు. మేము మూడేళ్ళకు వెళ్ళి పదిహేను నెలలకే బెంగపెట్టుకొన్నాము.

ఇప్పుడు రాకపోకలు అటుతిరిగినాయి. 1946లో పెట్టిన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినవాళ్ళు తరతరాలుగా ఇంగ్లండు, అమెరికా పోతున్నారు. అమెరికాలో స్థిరపడినవాళ్ళు చందాలు వేసుకొని ఇక్కడి పెద్దాసుపత్రికి భవనాలు కట్టించి ఇచ్చారు. ఆ డాక్టర్లు కూడా మొదటిరోజుల్లో అక్కడి ముసలమ్మల నొప్పుల పేర్లు వినీ, అర్థంకాకా, మళ్ళీ అడిగే వుంటారు.

నేను తిరిగి వచ్చేసరికి ఆపరేషను అయిపోయింది. మత్తు దిగుతూ మా ఆవిడ అన్న మొదటిమాట: "పోటు పోయింది. సలుపు వుంది." డాక్టరుగారు, "అది కోసిన సలుపులేమ్మా, నాలుగురోజుల్లో పోతుంది" అన్నారు. నాలుగోరోజుకు పోయింది. ఒక సీసాలో రాళ్ళు వేసి ఇచ్చారు. మా బావమరది వాటిని గోలీలలాగా లెక్కపెట్టాడు. పదకొండు.

మార్చి నెలాఖరుకు మళ్ళీ యార్క్‌షైరు చేరాము. తలుపు వెనుక ఉత్తరాల కుప్పలో ఆసుపత్రివారిది వున్నది. మే నెలలో ఫలానా రోజున ఆపరేషను, ముందురోజు రాత్రినుంచి ఏమీ తినవద్దు, దుబాసీ ఏర్పాటు చేశాము అని. మాట తప్పలేదు వాళ్ళు. నేను టెలిఫోను చేసి, ఆ రోజు ఇంకొకరికి ఇవ్వండి అని చెప్పాను. అవతలి గుమాస్తా సంతోషించి, ఇంకేమయినా కావాలా అని అడిగాడు.

మా ఆవిడ పక్కన నిలబడి, "ఆ ఓరుగల్లు అమ్మాయికి తగ్గిందని చెప్పమనండి" అన్నది.

చెప్పాను. దుబాసీల పేర్లు తమ దగ్గర వుండవనీ, ఒక్కొక్కరికి ఒక నంబరు మాత్రమే వుంటుందనీ, అది కూడా ఆనాటి కాగితాలలో వ్రాయలేదనీ ఆయన అన్నాడు.